పేరు పలికితేనే దీపం

దేవవ్వ నోరు ఎంత పెద్దదో అరబ్బు దేశంలో ఆమె బతికే అజైబాలో తెలియనివాళ్ళు లేరు. ఆర్మీ ఇళ్ళ వరసలో ఈ చివర వంటింట్లో ఆమె కేకేస్తే, ఆ చివర బట్టలుతికే ధోబీ చేతిలో సబ్బు జారేది. కూరలవాడు ధర చెప్పబోయే ముందు మనసులో దణ్ణం పెట్టుకునేవాడు. అంత నోరున్న మనిషికీ ఒక్క మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. అది ఆమె మొగుడి పేరు.

లచ్చన్న. మనం అనుకోవచ్చు, తప్పులేదు. ఆమె మాత్రం అనదు. మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని మెట్‌పల్లి తాలూకాలో వాళ్ళమ్మ చెప్పింది, ఆమెకు ఆమె తల్లి చెప్పింది. పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన రోజున ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి, "మా అన్న పేరు చెప్తెనే లోపలికి" అంది. ఊరూరా ఉన్న వేడుకే అది. కొత్తకోడళ్ళు కాసేపు మెలికలు తిరిగి, ఏదో గొణిగి, లోపలికి పోతారు. దేవవ్వ గొణగలేదు. అలాగే నిలబడింది. వండిన అన్నం చల్లారిపోయింది, చుట్టాలు ఆవులించారు, ఆడబిడ్డ కాళ్ళు పీకి గడప మీదే చతికిలబడింది. అప్పుడు దేవవ్వ నిమ్మళంగా ఇంటి వెనక్కి నడిచి, గొడ్ల కొట్టం తలుపులోంచి లోపలికి వచ్చేసి, "ఆకలైతుంది, అన్నం పెట్టుండ్రి" అంది. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు.

పిల్లలుంటే ఇబ్బంది లేకపోను. ఫలానావాడి నాయన అని పిలుచుకునేది. ఆ భాగ్యం కలగలేదు. ఇక లచ్చన్నను పిలవడానికి ఆమెకు మిగిలింది "ఇగో!" ఒక్కటే. ఓసారి మత్రా బజారు జనంలో అతను ముందుకు పోతుంటే, "ఇగో, ఇంటున్నవా!" అని గొంతెత్తింది. బజారులో ఉన్న తెలుగు మగవాళ్ళందరూ వెనక్కి తిరిగారు, లచ్చన్న తప్ప. వాళ్ళందరినీ తిట్టుకుంటూ తోసుకుంటూ పోయి మొగుణ్ణి చొక్కా పట్టుకుని లాగాల్సి వచ్చింది.

డెబ్బై నాలుగులో ఎండలు కాస్త తగ్గుముఖం పట్టగానే లచ్చన్నకు ధోఫార్ డ్యూటీ పడింది. దక్షిణాన ఆ కొండల్లో సుల్తాన్ సైన్యానికీ తిరుగుబాటుదారులకూ ఏళ్ళుగా యుద్ధం. సైన్యం ఒక కొండ ఎక్కితే దాని వెనకాలే గోడలు కట్టడానికీ రోడ్డు వేయడానికీ కట్టుబడి కంపెనీ మనుషులు పోవాలి. లచ్చన్న తాపీమేస్త్రి. "గోడ కట్టేటోని మీద ఎవడు కాలుస్తడే?" అని నవ్వుకుంటూ లారీ ఎక్కాడు. కాల్చేవాడు చేతిలో ఉన్నది తాపీయా తుపాకీయా అని దగ్గరికొచ్చి చూసి కాలుస్తాడా ఏమన్నా! ఆ గుబులు దేవవ్వకు అప్పటినించీ ఉంది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆమె వంట చేసే ఇల్లు మేజర్ ఆంగస్‌ది. ఆయనా ధోఫార్‌లోనే ఉన్నాడు. ఆ వరసలో సగానికి సగం ఇళ్ళ మగవాళ్ళు అక్కడే. ఆయన భార్య మోయిరా స్కాట్లండు మనిషి. ఎర్రజుట్టు, పొడుగు కాళ్ళు, పట్టిన పట్టు విడవని రకం. దేవవ్వతో ఆమెకు కుదిరింది అందుకే, రోజూ చెడేదీ అందుకే. మేజరు బెలూచీ సిపాయిలతో పనిచేయడం వల్ల మోయిరాకు కాస్త ఉర్దూ అబ్బింది. దేవవ్వది కరీంనగరం ఉర్దూ. ఆ రెండూ వంటింట్లో కలిస్తే అసలు ఉర్దూ వచ్చినవాళ్ళు చెవులు మూసుకోవాల్సిందే. వాళ్ళ మాటలు మనం తెలుగులో చెప్పుకోవడమే అందరికీ మర్యాద.

"దేవవ్వా, ఈసారి మనింట్లో హాలోవీన్ చేద్దాం," అంది మోయిరా ఒక పొద్దున.

"గదేంది?"

"మా వాళ్ళ పండగ. అక్టోబరు ఆఖరి సాయంత్రం. చచ్చిపోయినవాళ్ళ ఆత్మలు తిరుగుతాయంటారు. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ళకు తినడానికి పెట్టాలి."

"పండుగ దినం దయ్యాల యేషమేంది మేడమ్? మంచిగ దేవుని యేషం కట్టరాదు?"

మోయిరా నవ్వింది. ఆ మధ్య ఆమె నవ్వడమే తక్కువైంది. "మా నాయనమ్మ చేపలు పట్టేవాళ్ళ ఇంటి మనిషి. తాత సముద్రం మీద ఉంటే ఆ సాయంత్రం పెద్ద దుంప ఒకటి తొలిచి, అందులో దీపం పెట్టేది. కానీ ముందు సముద్రం వైపు తిరిగి ఆయన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచేది. పిలిచాకే వెలిగించేది. ఈ రోజు తిరుగుతున్న చచ్చినవాళ్ళ గుంపులో ఈ మనిషి లేడు, ఇతనికి ఇల్లుంది, పిలిచే పెళ్ళాం ఉంది అని చాటడం. ఇక్కడ ఆ దుంప దొరకదు, గుమ్మడికాయతో సరిపెడదాం. మనిషి ధోఫార్‌లో ఉన్న ప్రతి ఇంటికీ మన గోడ మీద ఒక దీపం. ఆఫీసరని లేదు, పనివాడని లేదు."

చచ్చినవాళ్ళ గుంపులో లేడని చాటడం! ఆ మాట దేవవ్వ గుండెలో సూటిగా దిగింది. అప్పటిదాకా దయ్యాల పండగ అని మూతి విరిచిన మనిషి, ఆ క్షణం నించీ పండగ తనదే అన్నట్టు కొంగు బిగించింది. పేరు పెట్టి పిలవాలన్న సంగతి ఆమె చెవికెక్కనే లేదు. దీపం ఒక్కటే ఎక్కింది. సాయంత్రానికల్లా ధోబీకి చెప్పింది, కూరలవాడికి చెప్పింది, దర్జీ దుకాణం ముందు ఆగి మరీ చెప్పింది. "మా ఆయినకు దీపం పెడుతున్నరు, మేడమ్ గోడ మీద. మేజర్ సాబ్ పక్కపొంటి. అచ్చి సూడుండ్రి."

మర్నాడు మోయిరా అట్టముక్కలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గుమ్మడికాయలకు కట్టడానికి ఒక్కో ముక్క మీద ఒక్కో పేరు రాస్తోంది. "నీ భర్త పేరేమిటి, దేవవ్వా?" అంది.

దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, కిసుక్కున నవ్వి, "పో మేడమ్!" అని పెరట్లోకి పారిపోయింది. ఆమె ఉద్దేశంలో అది జవాబే. మొగుడి పేరు ఆడదాన్ని అడుగుతారా ఎవరైనా? ఏదో సరసానికి అడిగింది. ఆ మనిషిని ఎరగదా ఏమిటి, ఎన్నిసార్లు ఈ వంటింటి మెట్టు మీద కూర్చుని టీ తాగలేదు, మీసం బాగుందని ఈవిడే మెచ్చుకోలేదూ!

మోయిరా మనిషిని ఎరుగును. మీసాన్నీ ఎరుగును. పేరు మాత్రం ఎన్నడూ వినలేదు. వినడానికి ఆ ఇంట్లో ఎవరైనా పలికితే కదా. అడిగితే నవ్వి వెళ్ళిపోయింది, వాళ్ళ మతానికి ఇలాంటివి పడవేమో, బలవంతం చేయకూడదు అనుకుని ఆ అట్టముక్క పక్కన పెట్టేసింది.

పండగకు ముందురోజు బర్కా నించి పికప్పులో గుమ్మడికాయలు వచ్చాయి. తెచ్చింది భీమన్న. బర్కా ఖర్జూరం తోటల్లో పనిచేస్తాడు. దేవవ్వ పుట్టింటికి పక్కూరివాడు, అక్కా అని పిలుస్తాడు. దించిన కాయలన్నీ వరండాలో వరసగా పేర్చాడు. మోయిరా ఒక్కొక్క తొడిమకూ అట్టముక్క కడుతూ పేర్లు చదువుతోంది. ఇది ఆంగస్, ఇది పీటర్, ఇది డంకన్. దేవవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, తన వంతు కోసం చూస్తోంది.

"ఇది జాహిదా అబ్బా," అని చదివి ఆఖరి కాయకు కట్టేసింది మోయిరా.

జాహిదా అబ్బా అంటే పక్కింట్లో పిల్లల్ని చూసే సర్వరీ బేగం మొగుడు షరీఫ్. ధోఫార్‌లోని సలాలాలో ఆర్మీ మెస్సులో వంటవాడు. సర్వరీది హైదరాబాదు. ఆమె కూడా మొగుడి పేరు పలికే మనిషి కాదు. కూతురు జాహిదా ఉంది గనక జాహిదా నాయన అని చెప్పింది. మోయిరా అదే అతని పేరనుకుని రాసేసింది.

అట్టముక్కలు అయిపోయాయి. కాయలూ అయిపోయాయి.

"ఏం భీమన్నా, ఒకటి తక్కువ తెచ్చినవ్!" అని విరుచుకుపడింది దేవవ్వ. "చెప్పిన పని సక్కగ చేతగాదా నీకు?"

"మేడమ్ చెప్పినన్నే తెచ్చిన అక్కా," అన్నాడు భీమన్న బిక్కమొహం వేసి. "ఇగో, ఇది నీకు. కూరకని వేరే తెచ్చిన." పికప్పు మూలలోంచి ఒక చిన్న కాయ తీశాడు. ఒక పక్క నొక్కుకుపోయి వంకరగా ఉంది.

అప్పుడు అర్థమైంది దేవవ్వకు. లెక్క తప్పలేదు. తన మొగుడే లెక్కలో లేడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసర్లకు పెట్టుకుని తనకు లేదన్నా అదొక రకం. మెస్సులో వంటవాడికి దీపం ఉంది, గోడ కట్టే మేస్త్రికి లేదా! ఊరందరికీ చెప్పుకుని తిరిగిందే, రేపు ధోబీ వస్తాడు, దర్జీ వస్తాడు, వాళ్ళ మొహం ఎలా చూడాలి?

"దేవవ్వా, కత్తి తీసుకురా, మొదలుపెడదాం," అంది మోయిరా, ఇదేమీ ఎరగకుండా.

"నేను కొయ్య."

"ఏం?"

"ఆడోళ్ళు గుమ్మడికాయ మీద కత్తి పెట్టద్దు. ముందుగాల మొగోడు కొట్టాలె. మా దిక్కు గదే ఆచారం."

ఆచారం నిజమే, అబద్ధమేం కాదు. కానీ ఆ పూట ఆచారం కంటే అలక ఎక్కువ. మోయిరా చుట్టూ చూసి, "భీమన్న మగవాడే కదా, అతను కోస్తాడు," అంది. భీమన్న హుషారుగా కత్తి అందుకోబోయాడు. దేవవ్వ ఒక్క చూపు చూసింది. అతను చెయ్యి వెనక్కి తీసేసుకుని, గుమ్మడికాయ ఎక్కడ పండిందో గుర్తుతెచ్చుకుంటున్నట్టు ఆకాశంలోకి చూశాడు. మోయిరాకు చిర్రెత్తింది. వారం వారం ఆర్మీ రేడియోలో మేజరు క్షేమంగా ఉన్నాడని కబురు వచ్చేది, ఈ వారం రాలేదు. ఆ మాట ఆమె ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. "మీ ఇష్టం. నేనే కోసుకుంటా," అని కత్తి తెచ్చుకుని ఒక్కత్తే కూర్చుంది. దేవవ్వ వెనకవైపు తన గదిలోకి పోయి తలుపు ధడేల్‌మని వేసుకుంది.

కాసేపటికి సర్వరీ బేగం తలుపు తోసుకుని వచ్చింది. "అరే, ఏమైంది నీకు? ఆ మేడమ్ చెయ్యి కోసుకుంటది అట్ల కోస్తే."

"కోసుకోనీ! నీకేం, నీ మొగనికి దీపం ఉన్నది. నా మొగడు మొగడు కాదా? ఆయిన పోయింది ధోఫార్‌కు కాదా? దొరసాని టీ పోసి మీసం మెచ్చుకున్నది గని దీపానికి మాత్రం అక్కరకు రాలే!"

"నీకు అక్కల్ ఉందా దేవవ్వా? మేడమ్ నిన్నే అడిగిందంట ముందుగాల, పేరు చెప్పమని. నువ్వు నవ్వి ఉరికినవంట. నీకు ఇష్టం లేదనుకున్నది పాపం. నిన్ననే నాతోని చెప్పింది."

కోపం దిగడానికి చోటు లేకపోతే మనిషి ఎంత అవస్థ పడుతుందో అప్పుడు దేవవ్వ మొహం చూస్తే తెలిసేది. "అది నిజంగనే అడిగిందా?" అంది. "నేను సరసమనుకున్న."

సర్వరీ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇప్పుడేం పోయింది? నేను చెప్తా పేరు. నాకు పాపం లేదు కదా. రాయించుకుని అస్తా. కానీ పిలవాల్సింది మాత్రం నువ్వే. నేనైతే జాహిదా కే అబ్బా అని పిలుస్తా."

అప్పుడెక్కింది దేవవ్వ చెవికి, అసలు సంగతి. పేరు పలికితేనే దీపం. "నేనెట్ల పిలుస్త సర్వరీ? ఆయిన తుపాకుల నడుమ ఉన్నడు. ఉట్టిప్పుడే తియ్యని పేరు, గిప్పుడు తీస్తనా? ఆయుసు తగ్గితే?"

"ఇగో అని పిలువు మరి."

"ఇగో అంటె ధోఫార్‌ల ఉన్న తెలుగోళ్ళంత తిరుగుతరు," అంది దేవవ్వ. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

"మోయిరా మేడమ్ పొద్దు లేస్తే అంగసూ అంగసూ అంటది. ఆ సాబ్‌కు ఏమన్నా అయిందా ఇన్నేళ్ళు?"

"ఆల్లది వేరే. పెరట్ల కుక్కను పిలిచినట్టు పిలుస్తరు. గా పేరుకు ఇలువ ఉంటె కద, ఆయుసు తగ్గనీకి!"

ఆ మాట అనేసి కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. మాట పడే మనిషి కాదు, తప్పు తనదైతే ఒప్పుకోకుండా ఉండే మనిషీ కాదు. వరండాలోకి పోయి, మోయిరా చేతిలోంచి కత్తి లాక్కుని భీమన్న చేతికిచ్చింది. "నువ్వు ముందుగాల గాటు పెట్టు, మిగిలింది నేను జేస్త." సర్వరీ లచ్చన్న పేరు చెప్పింది. మోయిరా రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని అట్ట మీద రాసింది. కూరకని తెచ్చిన ఆ వంకర కాయే లచ్చన్నది అయింది. తక్కిన కాయలన్నిటికీ మోయిరా చెప్పినట్టు కోరపళ్ళు కోశారు. దీనికి మాత్రం భీమన్న తన బుద్ధి ఉపయోగించి, మన వైపు దిష్టికి కట్టే గుమ్మడికాయకు గీసినట్టు, బొగ్గుతో బారెడు మీసం గీశాడు. చూసి దేవవ్వే మురిసిపోయింది.

"మేడమ్, ఒక్క మాట. నేను పిలువ. ఊకెనే దీపం పెట్టు," అంది.

"పిలవకుండా వెలిగించను. నాయనమ్మ ఎప్పుడూ అలా చేయలేదు."

"అయితె వెలగకున్నా గోడ మీద ఉండనీ."

"ఉండనీ."

ఇద్దరూ ఇద్దరే. మధ్యలో భీమన్న తల గోక్కున్నాడు.

పండగ సాయంత్రం ఎండ దిగగానే సముద్రం మీంచి చల్లగాలి వచ్చింది. ఆర్మీ పిల్లలు దుప్పట్లు కప్పుకుని, కళ్ళకు బెజ్జాలు పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి అరుస్తున్నారు. జాహిదా మొహం నిండా మసి పూసుకుంది. పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి ఆపిల్ పళ్ళు వదిలితే పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నోటితో పట్టుకోవాలి. సగం నీళ్ళు వాళ్ళ కడుపుల్లోకే పోయాయి. దేవవ్వ పళ్ళేల నిండా గారెలూ మురుకులూ చేసి పెట్టింది. దయ్యాలు ఎగబడి తిన్నాయి. "దయ్యాలకు కారం పడతది గనీ మీకు పడతదో లేదో, నీళ్ళు తాగుండ్రి," అని అదిలిస్తూ తిరిగింది. ధోబీ వచ్చాడు, కూరలవాడు వచ్చాడు, దర్జీ పెళ్ళాంతో సహా వచ్చాడు. అందరికీ గోడ మీద మీసం చూపించింది. దీపం ఎప్పుడు పెడతారని దర్జీ అడిగితే విననట్టు మురుకుల పళ్ళెం అతని చేతిలో పెట్టేసింది.

చీకటి పడే వేళకు ఆడవాళ్ళంతా గోడ దగ్గరికి చేరారు. ఒక్కొక్కరూ దక్షిణం వైపు తిరిగి మొగుడి పేరు పిలుస్తున్నారు, అగ్గిపుల్ల గీసి లోపలి కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. పిలిచినప్పుడల్లా పిల్లలు చప్పట్లు. సర్వరీ సిగ్గుపడుతూనే, "ఓ జాహిదా కే అబ్బా!" అని కూత పెట్టింది. తన మసి మొహం మరిచిపోయి జాహిదా గంతులేసింది. వెలిగిన కాయలు ఒక్కొక్కటిగా ఎర్రగా పళ్ళు ఇకిలిస్తుంటే, చివరన ఉన్న వంకర కాయ ఇంకా నల్లగా కనిపించింది. దేవవ్వ ఆ చీకటి కాయను చూసింది. వెలగని కాయ అంటే ఏమిటి అర్థం? ఆ మనిషి అవతలి గుంపులో ఉన్నాడనేగా! పిలిస్తే ఆయుష్షు తగ్గుతుంది, పిలవకపోతే లేనివాడి కింద జమ. ఏ దారీ లేదు. అసలు గోడ మీద పెట్టకుండా ఉంటేనే బాగుండేది, ఈ పట్టుదల తగలెయ్య అని తన్ను తానే తిట్టుకుంది.

ఇంటి ఇల్లాలు గనక మోయిరా వంతు ఆఖరున వచ్చింది. అందరినీ నవ్విస్తూ, పాట పాడిస్తూ తిరిగిన మనిషి, ఆంగస్ కాయ ముందుకు వచ్చి, దక్షిణం వైపు తిరిగి, నోరు తెరిచింది. గొంతు రాలేదు. అగ్గిపుల్ల గీసింది, అది వేలి దాకా కాలి ఆరిపోయింది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ అంతే. తక్కిన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. రేడియోలో కబురు రాని సంగతి అందరికీ తెలుసు.

దేవవ్వకు తను అన్న మాట గుర్తొచ్చింది. పెరట్లో కుక్కను పిలిచినట్టు అంది. పొద్దున లేస్తే వందసార్లు అనే పేరు ఈవిడకు ఇప్పుడు గొంతు దాటడం లేదు! అంటే ఇన్నాళ్ళూ తేలిగ్గా అన్నది కాదు. వీళ్ళ పేర్లకూ విలువ ఉంది, ప్రాణమంత విలువ ఉంది. దేవవ్వకు సిగ్గేసింది. గబగబా పోయి మోయిరా మోచెయ్యి పట్టుకుంది.

"పిలువు మేడమ్."

"రావడం లేదు, దేవవ్వా."

"అస్తది. కడుపుల నించి తియ్యి. పిల్లలు సూస్తున్నరు. బతికున్నోణ్ణి పిలువనీకి భయమెందుకు? పిలువు!"

మోయిరా ఊపిరి పీల్చుకుని, "ఆంగస్!" అంది. గొంతు మధ్యలో చీలింది, అయినా బయటికి వచ్చింది. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. పిల్లలు అరిచారు. కొవ్వొత్తి వెలిగించి, మొహం తుడుచుకుని, మోయిరా వెనక్కి తిరిగి అగ్గిపెట్టె దేవవ్వ చేతిలో పెట్టింది.

చూస్తే అందరూ తననే చూస్తున్నారు. ధోబీ, దర్జీ, భీమన్న, సర్వరీ, మసి మొహాల పిల్లలు, అందరూ. బతికున్నోణ్ణి పిలువనీకి భయమెందుకు అని ఇప్పుడే తన నోటితోనే అంది. వెనక్కి తీసుకునే వీలుందా? తప్పించుకుపోవడానికి ఇక్కడ గొడ్ల కొట్టం తలుపు కూడా లేదు.

దేవవ్వ కొంగు నడుముకు దోపుకుంది. "ఎములాడ రాజన్నా, ఇంటున్నవా," అంది ముందు దేవుడితో, మెల్లగా. "తగ్గేదుంటె నాది తగ్గించు. ఆయినది ముట్టకు. మంచిగ చెప్తున్న." దేవుడికి ఆ మాత్రం బెదిరింపు పెట్టి, దక్షిణం వైపు తిరిగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"లచ్చన్నా!"

ఆ చివర ఇంట్లో కుక్క మొరిగింది. భీమన్న నోట్లో ఉన్న గారె నోట్లోనే ఉండిపోయింది. కట్ట తెగాక ఇంకేం ఆగుతుంది! "ఓ లచ్చన్నా! ఓ మేస్త్రి లచ్చన్నా! నీకు దీపం పెడుతున్ననయ్యా! నువ్వు గా గుంపుల లేవు, ఇంటున్నవా? జెల్ది రా! తాపీ పట్టుకోని జెల్ది రా!" అని ఇన్నేళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చేసినట్టు సముద్రం దద్దరిల్లేలా పిలిచింది. మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోది అంటుకుంది. వంకర కాయ వెలిగింది, మీసంతో సహా. సర్వరీ కళ్ళు ఒత్తుకుంది. దర్జీ పెళ్ళాం, "మీసం మీ ఆయనదే, అచ్చంగా," అంది.

ఆ వారంలోనే మేజరు క్షేమమని రేడియో కబురు వచ్చింది. మోయిరా ఆ మాట ముందుగా వంటింట్లోకి వచ్చి దేవవ్వకే చెప్పింది. లచ్చన్న కబురు చెప్పే రేడియో ఏదీ లేదు. దేవవ్వ పొద్దున లేస్తే భయపడేది, సాయంత్రానికి తమాయించుకునేది. పిలిచినందుకు మాత్రం ఒక్క రోజూ బాధపడలేదు. పిలిచిన పేరు పిలిచినట్టే ఉంది నోట్లో, తియ్యగా.

చలికాలం నడిమధ్యలో ధోఫార్ నించి కంపెనీ మనుషులు కొందరు తిరిగి వస్తున్నారని తెలిసింది. ఎవరెవరన్నది ఎవరికీ తెలియదు. దేవవ్వ పొయ్యి మీద పప్పు సర్వరీకి అప్పజెప్పి రోడ్డు మీదికి పరిగెత్తింది. లారీ వచ్చి ఆగింది. మనుషులు దిగుతున్నారు. అందరి తలలకూ తువ్వాళ్ళు, అందరి ఒంటి మీదా తెల్లటి దుమ్ము, అందరి భుజాల మీదా ఒకేలాంటి సంచులు. ఎవరు ఎవరో పోల్చుకోవడం ఎవరి తరం! వాళ్ళలో ఒకడి నడక ఆమెకు తెలిసిన నడకలా ఉంది. కానీ అతను అటువైపు తిరిగి, కంపెనీ షెడ్డు వైపు పోతున్నాడు. అలవాటు కొద్దీ "ఇగో" దాకా వచ్చింది నాలుక. మింగేసింది.

"లచ్చన్నా!"

ఈసారి మత్రా బజారులోలా ఎవరెవరో తిరగలేదు. ఒక్కడే తిరిగాడు. తిరిగి, పిలిచింది ఎవరో తెలియక అటూ ఇటూ చూశాడు. మీసం నిండా దుమ్మే. దేవవ్వ చెయ్యి ఊపితే దగ్గరికొచ్చాడు.

"ఎవలే, నన్ను పిలిచింది?"

"నేనే. ఇంకెవలు పిలుస్తరు?"

లచ్చన్న సంచి కింద పెట్టాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. దుమ్ము పోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మల్లోపారి పిలువు," అన్నాడు.